వాట్సాప్‌లో "రేపట్నుంచి రావద్దు" అన్నాక: ఉద్యోగి తొలగింపు, విచారణ, లెక్కలు

ఆటోనగర్_ప్యాకింగ్

విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెల యూనిట్. మొత్తం 42 మంది. మూడు విషయాల్లో సలహా కావాలండీ.

ఒకటి, డై కటింగ్ మెషిన్ ఆపరేటర్. ఏడేళ్లు దాటిన సర్వీసు. చెప్పకుండా 23 రోజులు రాలేదు. సూపర్‌వైజర్ వాట్సాప్‌లో "నీ పేరు మస్టర్‌లోంచి తీసేశాం, రేపట్నుంచి రావద్దు" అని పెట్టాడు. ఇప్పుడు అతను గేటు దగ్గరకొచ్చి పనిలోకి రానివ్వమంటున్నాడు.

రెండు, స్టోర్‌లో క్రాఫ్ట్ పేపర్ రీళ్ల లెక్క తగ్గింది. స్టోర్ కీపర్ మీద అనుమానం.

మూడు, పెద్ద ఆర్డర్ ఒకటి పోయింది. గమ్ సెక్షన్‌లో ఇద్దరిని తగ్గించక తప్పదు.

స్టాండింగ్ ఆర్డర్లు (సంస్థలో క్రమశిక్షణ, సర్వీసు నియమాలు) లేవు. పాతవాళ్లలో సగం మందికి అపాయింట్‌మెంట్ లెటర్లు కూడా లేవు. నలుగురికీ తలా ఒక నెల జీతం ఇచ్చి పంపేస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

వాదిప్రతివాది

సరిపోదండీ. మొదటిది గైర్హాజరు, అంటే ప్రవర్తన నియమాల ఉల్లంఘన. రెండోది దొంగతనం ఆరోపణ. మూడోది ఎవరి తప్పూ లేని తగ్గింపు, చట్టం భాషలో రిట్రెంచ్‌మెంట్. మూడింటికీ దారులు వేరు. దొంగతనం అనుమానం ఉన్నవాడిని "ఆర్డర్లు లేవు" అని పంపినా, ఆర్డర్లు లేక పంపేవాడి మీద ఏదో తప్పు మోపినా కేసు మొదటి వాయిదాలోనే బలహీనపడుతుంది. చిన్న యూనిట్లు లేబర్ కోర్టులో ఓడిపోయేది ఎక్కువగా పద్ధతి తప్పడం వల్లే. ఉద్యోగి తప్పు నిజమే అయినా అది వాళ్లను కాపాడదు.

ముందు ఆపరేటర్ సంగతి, ఎందుకంటే ఇందులో ప్రతి రోజుకూ ఖరీదుంది. ఆ వాట్సాప్ మెసేజే తొలగింపు ఉత్తర్వు. "మేం తీసేయలేదు, అతనే మానేశాడు" అనడానికి ఇక వీల్లేదు. మస్టర్‌లో పేరు కొట్టేయడం కూడా రిట్రెంచ్‌మెంటేనని రాబర్ట్ డిసౌజా కేసులో 1982లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో రాసి ఉన్నా, సంజాయిషీ అడగకుండా తీసేయడం చెల్లదని డి.కె. యాదవ్ కేసులో 1993లో చెప్పింది. అక్కడ గడువు ఎనిమిది రోజులు. మీకైతే ఆ నిబంధన కూడా లేదు.

అతను గేటు దగ్గరకొచ్చి పని అడిగాడంటే ఆ రోజు నుంచి తప్పు మీ వైపుకు మారినట్టే. రేపు తొలగింపు చెల్లదని తేలితే పూర్తి బకాయి జీతం ఇవ్వడమే సాధారణ నియమమని దీపాలీ సుర్వసే కేసులో 2013లో తీర్పొచ్చింది. మధ్యలో మరోచోట పనిచేసి అంతే సంపాదించాడని చెప్పాలనుకుంటే ఆ మాట లేవనెత్తి రుజువు చేసే బాధ్యత మీదే.

షాప్‌ఫ్లోర్

ఇవాళే చేయాల్సిన పని: ఆ మెసేజ్‌ను యాజమాన్యం సంతకంతో రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. "సూపర్‌వైజర్‌కు తొలగించే అధికారం లేదు, ఆ సందేశాన్ని రద్దు చేస్తున్నాం, ఫలానా తేదీ ఉదయం షిఫ్టుకు హాజరు కండి, 23 రోజుల గైర్హాజరుపై విడిగా సంజాయిషీ అడుగుతాం" అని నాలుగు వాక్యాలు చాలు. తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్ లెటర్ ఇస్తే "నాకు అర్థం కాలేదు" అనే వాదనకు మీరే చోటిచ్చినట్టు.

ఎలా పంపాలన్నది కూడా ముఖ్యమే. చేతికిచ్చి సంతకం తీసుకోండి. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో, తేదీ, సమయం వేసి "ఇచ్చాం, నిరాకరించాడు" అని అక్కడే రాసుకోండి. అదే రోజు పోస్టులోనూ పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటర్ దగ్గర స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ జోడించమని, అందినట్టు రుజువు కావాలని అడగాలి. ప్రస్తుతం ఉంటున్న అద్దె ఇంటికి ఒకటి, ఆధార్‌లో ఉన్న ఊరి చిరునామాకు ఒకటి. కవరు తిరిగొస్తే విప్పకండి. పోస్ట్‌మ్యాన్ రాసిన గుర్తుతో, మూసి ఉన్న కవరే కోర్టులో సాక్ష్యం.

వాట్సాప్ కూడా వాడొచ్చు, అయితే అదనంగా మాత్రమే.

కార్మికపక్షం

కార్మికుల తరఫు నుంచి చూసే మనిషిగా ఒక మాట. ఆ 23 రోజులు ఎందుకు రాలేదో ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) డిస్పెన్సరీలో వైద్యం చేయించుకుంటున్నాడేమో, సర్టిఫికెట్ ఉందేమో ముందు చూడండి. సర్టిఫికెట్‌తో అనారోగ్యంలో ఉన్న కాలంలో తొలగించకూడదన్న రక్షణ 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ నుంచీ ఉన్నదే. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లందరూ ఈఎస్‌ఐలోకి వస్తారు, మీ ఆపరేటరూ వచ్చే అవకాశమే ఎక్కువ.

ఇంకోటి. ఏడేళ్లలో ఒక్క మెమో కూడా లేని మనిషిని మొదటి గైర్హాజరుకే డిస్మిస్ చేస్తే, విచారణ ఎంత పద్ధతిగా జరిపినా శిక్ష నిలవదు. తప్పుకు శిక్ష మితిమీరిందనిపిస్తే తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 11ఎ సెక్షన్ అదే. హెచ్చరిక లేఖ, రాని రోజుల జీతం కోత, మహా అయితే ఒక ఇంక్రిమెంట్ ఆపడం, అంతవరకే న్యాయంగా ఉంటుంది. అతన్ని పనిలోకి తీసుకోండి.

ఆటోనగర్_ప్యాకింగ్

సర్టిఫికెట్ ఉందో లేదో మేం అడగలేదండీ, అది నిజం. లెటర్ రేపు ఇస్తాం. స్టోర్ కీపర్ విషయంలో వెంటనే సస్పెండ్ చేయొచ్చా? పోలీసు కేసు పెడితే విచారణ అక్కర్లేదంటున్నారు.

వాదిప్రతివాది

రెండు ప్రశ్నలకూ జాగ్రత్తగా జవాబు చెప్పాలి.

సస్పెన్షన్: 2025 నవంబర్ 21 నుంచి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లో ఉంది. విచారణ కాలంలో మొదటి 90 రోజులకు సగం జీతం, ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం జీవనభృతి ఇవ్వాలని, సస్పెన్షన్ తేదీ నుంచి మామూలుగా 90 రోజుల్లో విచారణ ముగించాలని అందులో ఉంది. అయితే అది స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయంలోని మాట. ఆ అధ్యాయం 300 మందీ, అంతకు పైన ఉన్న సంస్థలకు. మీకు 42 మంది. స్టాండింగ్ ఆర్డర్లు లేక, అపాయింట్‌మెంట్ లెటర్‌లో సస్పెండ్ చేసే అధికారం రాసుకోక, పనిలోంచి దూరంగా ఉంచితే పూర్తి జీతం ఇవ్వాల్సిందే. ఇది ఇవాళ్టి మాట కాదు, హోటల్ ఇంపీరియల్ కేసు నాటి నుంచి, అంటే 1959 నుంచి, ఉన్న సూత్రం. సగం జీతమిచ్చి కూర్చోబెడితే మిగతా సగం బకాయి పడినట్టే.

అందుకే మీలాంటి చోట సస్పెన్షన్ కన్నా స్టోర్ తాళాలు తీసుకుని, అదే జీతం మీద వేరే పనికి పెట్టడం మేలు. సాక్ష్యాలు తారుమారు కాకుండా ఉంటే చాలు.

పోలీసు కేసు: ఉద్యోగి చేసే దొంగతనానికి భారతీయ న్యాయ సంహితలో 306వ సెక్షన్ ఉంది. ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ ఎఫ్‌ఐఆర్ విచారణకు ప్రత్యామ్నాయం కాదు. ఎఫ్‌ఐఆర్‌ను ఫైల్లో పెట్టి "రుజువైంది" అని రాస్తే చెల్లదని రూప్ సింగ్ నేగీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం ఉంటే సరిపోదు, దాన్ని రాసినవాళ్లో, సంగతి తెలిసినవాళ్లో వచ్చి చెప్పాలి. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావులేని రుజువు కావాలి. సంస్థ లోపలి విచారణలో ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో తేలితే చాలు. రెండూ పక్కపక్కనే నడవొచ్చు.

షాప్‌ఫ్లోర్

విచారణ ఎలా నడపాలో చెబుతాను. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే కనుక కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

మొదట ప్రాథమిక పరిశీలన. గుడ్స్ రిసీట్ నోట్లు, ఇష్యూ స్లిప్పులు, బిన్ కార్డులు (ఒక్కో సరుకు నిల్వ రాసే కార్డులు), గేట్ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, ఏ జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు) రీలు ఎన్ని కిలోలు తగ్గిందో తేల్చండి. తూకంలో తేడా తేమ వల్ల కూడా రావచ్చు. క్రాఫ్ట్ పేపర్‌కు అది మామూలే. వేసవిలో తగ్గే బరువును దొంగతనంగా రాస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. స్టోర్ తాళాలు ఇంకెవరి దగ్గర ఉన్నాయో కూడా చూడండి.

తర్వాత చార్జిషీటు, అంటే ఉద్యోగికిచ్చే ఆరోపణల పత్రం. "స్టోర్‌లో అవకతవకలకు పాల్పడ్డారు" అనే వాక్యంతో ఏ ఉపయోగమూ లేదు. తేదీ, షిఫ్టు, రీలు నంబర్లు, తూకం, ఏ రిజిస్టర్‌లో ఏ పేజీ, ఏం రాశారు, ఏం ఉండాలి, ఇవన్నీ ఉండాలి. ఆధారపడే పత్రాల జాబితా, సాక్షుల జాబితా జత చేసి, పత్రాల నకళ్లు ఇవ్వాలి. సంజాయిషీకి కనీసం ఏడు రోజులు ఇవ్వండి. "నీవు దొంగతనం చేసినందున ఎందుకు తొలగించకూడదు?" అని చార్జిషీటులోనే రాస్తారు కొందరు. ముందే తేల్చేసుకుని నడిపిన విచారణ అని చూపడానికి ఆ ఒక్క వాక్యం చాలు. "చేసినట్టు ఆరోపణ" అని రాయాలి.

విచారణాధికారి ఈ వ్యవహారంలో చెయ్యి పెట్టనివాడై ఉండాలి. లెక్క తేడా కనిపెట్టిన సూపర్‌వైజర్ సాక్షి మాత్రమే, విచారణాధికారి కాకూడదు. తుది ఉత్తర్వు ఇచ్చే యజమాని కూడా ఆ కుర్చీలో కూర్చోకపోవడమే మంచిది. చిన్న యూనిట్ అయితే బయటి న్యాయవాదిని పెట్టుకోవచ్చు, అందులో తప్పు లేదు. సంస్థ తరఫున కేసు వినిపించడానికి వేరే మనిషి ఉండాలి. స్టోర్ కీపర్ తనకు సాయంగా తోటి ఉద్యోగిని తెచ్చుకుంటానంటే ఒప్పుకోండి. న్యాయవాది కావాలంటే సాధారణంగా హక్కు లేదు, కానీ మీ తరఫున న్యాయవాది వాదిస్తూ అతనికి కాదంటే చిక్కొస్తుంది.

ముందు సంస్థ సాక్షులు, ఒక్కొక్కరినీ అతను క్రాస్ చేశాక (ఎదురు ప్రశ్నలు వేశాక) తర్వాతి వాళ్లు, ఆ తర్వాత అతని సాక్షులు, చివర అతను. చాలాచోట్ల విచారణ మొదలవగానే నిందితుడికే ప్రశ్నలు వేస్తారు. అది తప్పు. ప్రతి పేజీ కింద హాజరైన అందరి సంతకాలు ఉండాలి. సంతకం చేయనంటే ఆ మాట కూడా అక్కడే రాయాలి. రాకపోతే వాయిదా వేసి మళ్లీ నోటీసు పంపి, అది అందినట్టు ఆధారం పెట్టుకుని, అప్పుడే అతను లేకుండా నడపాలి. అతను లేడు కదా అని సాక్షులను పిలవకుండా వదిలేయకూడదు. రుజువు బాధ్యత అలాగే ఉంటుంది.

వాదిప్రతివాది

దీనికి రెండు చేర్పులు. విచారణ నివేదిక వచ్చాక నేరుగా ఉత్తర్వు ఇవ్వకండి. విచారించింది ఒకరు, శిక్షించేది ఇంకొకరు అయినప్పుడు ఆ నివేదిక నకలు ఉద్యోగికిచ్చి దానిపై అతని మాట వినాలి. ఈ సూత్రాన్ని స్థిరపరిచింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసే, మేనేజింగ్ డైరెక్టర్ ఈసీఐఎల్ వర్సెస్ కరుణాకర్, 1993. నకలు ఇవ్వకపోతే ప్రతి సందర్భంలోనూ తొలగింపు కొట్టేయరు, దానివల్ల అతనికి నష్టం జరిగిందా అని చూస్తారు. అయినా ఓ జిరాక్స్ ఖర్చుకు ఆ వాదన ఎందుకు కొనితెచ్చుకోవాలి?

రెండోది, శిక్ష నిర్ణయించేటప్పుడు పాత మెమోలు లెక్కలోకి తీసుకోవాలనుకుంటే ఆ సంగతి ముందే నోటీసులో చెప్పాలి. 1963లో మంచేగౌడ కేసు నుంచీ ఉన్న మాట ఇది. చివరి ఉత్తర్వులో హఠాత్తుగా "గతంలోనూ మూడుసార్లు హెచ్చరించాం" అని రాయకూడదు.

ఇంత చేసినా విచారణలో లోపం తేలితే దారి పూర్తిగా మూసుకుపోదు. కోర్టులోనే కొత్తగా సాక్ష్యం చూపి తప్పు రుజువు చేసుకునే అవకాశం యజమానికి ఉంది. కానీ దాన్ని మొదటి కౌంటర్‌లోనే (కోర్టుకిచ్చే రాతపూర్వక జవాబులోనే) అడగాలి. లక్ష్మీదేవమ్మ కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కౌంటర్ రాసే న్యాయవాదికి ఈ పేరా ఉందో లేదో మీరే అడిగి చూసుకోండి.

కార్మికపక్షం

స్టోర్ కీపర్‌ని "స్టోర్స్ ఇన్‌ఛార్జి" అని పిలిచి, మేనేజర్ కాబట్టి కార్మిక చట్టం వర్తించదనే ఆలోచన వస్తుందేమో, వద్దు. హోదా పేరు కాదు, చేసే పని చూస్తారు. రిజిస్టర్లు రాయడం, స్లిప్పులు ఇవ్వడం గుమాస్తా పని. జీతం ఎంతైనా కార్మికుడే. నిజంగా కొందరి మీద పర్యవేక్షణ చేసే ఉద్యోగమైతేనే జీతం హద్దు వస్తుంది. పాత చట్టంలో అది నెలకు 10,000, కొత్త కోడ్‌లో 18,000. సెలవు మంజూరు చేసే అధికారం ఉందా, ఎవరి పనితీరైనా రాస్తాడా అన్నవి అడుగుతారు.

ఇంకో సంగతి. కొత్త కోడ్ ప్రకారం 20 మందీ అంతకు పైన ఉన్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, సభ్యులు పది మందికి మించకుండా, ఇరుపక్షాలకూ సమాన ప్రాతినిధ్యంతో. మీకు 42 మంది కదా. అది ఉండి ఉంటే ఆపరేటర్ గొడవ వాట్సాప్ దాకా వచ్చేది కాదు.

పద్దుపుస్తకం

గమ్ సెక్షన్ లెక్క నేను వేస్తాను. ఉదాహరణకు ఒకరికి చట్టపరమైన వేతనం నెలకు 15,600, సర్వీసు 5 ఏళ్ల 7 నెలలు అనుకుందాం. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి 6 ఏళ్లు.

నోటీసుకు బదులు నెల జీతం 15,600. గ్రాట్యుటీ 15,600 ను 26తో భాగించి 15తో హెచ్చిస్తే 9,000, ఆరేళ్లకు 54,000. రిట్రెంచ్‌మెంట్ పరిహారం కూడా ఏడాదికి 15 రోజులే కనుక మరో 54,000. కొత్త కోడ్‌లో వచ్చిన రీస్కిల్లింగ్ (కొత్త నైపుణ్య శిక్షణ) నిధికి యజమాని చెల్లించాల్సింది 15 రోజుల వేతనం, అది రిట్రెంచ్‌మెంట్ జరిగిన 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. వాడని సెలవుల డబ్బు, బోనస్ బాకీ ఉంటే అవీ.

"వేతనం" అన్న మాట దగ్గర ఆగండి. బేసిక్ 10,000, అలవెన్సులు 20,000 అని స్లిప్పు విడగొట్టి లెక్క తగ్గించే పద్ధతి ఇక చెల్లదు. మినహాయించదగ్గ అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. ఆ 30,000లో సగం 15,000, దాటింది 5,000. కనుక లెక్కకు పనికొచ్చే వేతనం 15,000.

వాదిప్రతివాది

పద్దుపుస్తకం గారూ, ఒక సవరణ. 26తో భాగించేది గ్రాట్యుటీకి మాత్రమే. నెల జీతగాడి రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి 15 రోజులంటే సగం నెల. గురు జంభేశ్వర్ యూనివర్సిటీ కేసులో 2007లో ఇది తేలింది. కనుక 7,800 చొప్పున ఆరేళ్లకు 46,800. మీ ఉదాహరణలో నోటీసు జీతం 15,600, పరిహారం 46,800, గ్రాట్యుటీ 54,000, నిధికి 7,800. మొత్తం 1,24,200.

పద్దుపుస్తకం

అవునండీ, తప్పు నాదే. సరిచేసుకుంటున్నా. తేడా 7,200.

వాదిప్రతివాది

ఎక్కువ ఇస్తే నష్టం డబ్బు వరకే. తక్కువ ఇస్తే మాత్రం తొలగింపే చెల్లదు, అందుకని అనుమానం ఉన్నచోట పైకి లెక్కించండి.

అంతకన్నా ముఖ్యం, గడువులు కలిపేసుకోవద్దు. రాజీనామా అయినా తొలగింపు అయినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ అంటుంది. గ్రాట్యుటీకి 30 రోజులు. ఈ గడువులు చూసి రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి కూడా రెండు రోజులు ఉన్నాయనుకుంటారు. లేవు. నోటీసు, లేదా దాని బదులు జీతం, పరిహారం, ఇవి తొలగింపుకు ముందస్తు షరతులు. "అకౌంట్స్‌లో చెక్కు తీసుకోండి" అని లెటర్‌లో రాసి చెక్కు మర్నాడు సిద్ధం చేసినా అది చెల్లింపు కాదు. ఉదయం ఖాతాలో వేసి, బ్యాంకు రిఫరెన్స్ నంబర్ లెటర్‌లో రాసి, ఆ లెటర్ మధ్యాహ్నం ఇవ్వండి. ప్రభుత్వానికి పంపాల్సిన సమాచారం కూడా అదే రోజు లేబర్ ఆఫీసుకు పంపి రసీదు తీసుకోండి.

యాభై మంది లోపు ఉన్నాం కనుక ఇదేదీ వర్తించదని చాలామంది నమ్ముతారు. యాభై అన్న అంకె లే ఆఫ్ (తాత్కాలికంగా పని ఇవ్వకపోవడం) పరిహారానికి, మూసివేతకు ముందు ఇచ్చే 60 రోజుల నోటీసుకు సంబంధించింది. రిట్రెంచ్‌మెంట్‌కు అది అడ్డు రాదు. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన ఏ కార్మికుడికైనా హక్కు ఉంటుంది. ప్రభుత్వం ముందస్తు అనుమతి మాత్రం 300 మందీ, అంతకు పైన ఉన్న ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే, మీకు అక్కర్లేదు.

షాప్‌ఫ్లోర్

ఎవరిని తగ్గించాలో ఎంచుకునేటప్పుడు, ఆ పనిలో చివర చేరినవారే ముందు వెళ్లాలి. గమ్ సెక్షన్‌లో అందరి చేరిన తేదీలతో సీనియారిటీ జాబితా తయారుచేసి ముందే నోటీసు బోర్డు మీద పెట్టండి. జూనియర్‌ను ఉంచి సీనియర్‌ను పంపాల్సి వస్తే కారణం రాసి పెట్టుకోవాలి, అదీ నిలబడే కారణం: ఫలానా మెషిన్ అతనికి తప్ప రాదు, ఇలాంటిది. "బాగా పనిచేస్తాడు" అంటే చాలదు. ఏడాదిలోపు మళ్లీ అదే పనికి మనుషులను తీసుకుంటే, వెళ్లినవాళ్లను ముందు పిలవాలి. ఇద్దరిని పంపిన నెలకే కాంట్రాక్టర్ ద్వారా ఇద్దరిని తెచ్చుకుంటే "ఆర్డర్లు లేవు" అన్న మాట అబద్ధమని మీరే రుజువు చేసినట్టు.

హనుమకొండ_షోరూమ్

ఇదే చర్చలో అడుగుతున్నా, క్షమించండి. బట్టల షోరూమ్, 11 మంది. చేరేటప్పుడే తేదీ లేని రాజీనామా లెటర్ మీద సంతకాలు తీసుకునే అలవాటు ఉంది. ఒకమ్మాయి గర్భవతి, నిలబడి పని చేయలేదు కనుక ఆ లెటర్ మీద తేదీ వేసి పంపేయాలని మేనేజర్ ఆలోచన. షాపులకు ఈ చట్టాలు ఉండవంటున్నారు.

కార్మికపక్షం

దయచేసి ఆ లెటర్ మీద తేదీ వేయకండి. పది మందీ, అంతకు పైన ఉన్న షాపుకు ప్రసూతి ప్రయోజనం వర్తిస్తుంది. ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, ఇద్దరు పిల్లల దాకా 26 వారాల జీతంతో కూడిన సెలవు ఆమె హక్కు. ఆ సెలవులో ఉండగా తొలగించడం చట్టవిరుద్ధం. గర్భిణిగా ఉండగా తీసేసినా ఆ డబ్బు ఎగ్గొట్టలేరు. ఈఎస్‌ఐలో ఉంటే ఆ డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది, మీ జేబులోంచి కూడా పోదు. ఆమెకు ఓ స్టూలు వేసి బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చోబెట్టండి. ఆ అమ్మాయికి ఉద్యోగం ఎక్కువ అవసరమయ్యే నెలలివి.

వాదిప్రతివాది

తేదీ లేని రాజీనామాలన్నీ చించేయండి. ఒకే సిరా, ఒకే నమూనా, చేరిన రోజే కొన్న బాండ్ పేపరు, ఇవి చాలు కోర్టుకు. బలవంతపు రాజీనామాను తొలగింపుగానే చూస్తారు.

షాపులకు చట్టం లేదన్నది పొరపాటు. తెలంగాణలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సహేతుకమైన కారణం, నెల నోటీసు లేదా జీతం లేకుండా తీసేయకూడదు. దానిపై కార్మిక శాఖలోని అధికారి దగ్గర అప్పీలు చేసుకునే హక్కు ఉద్యోగికి ఉంది. ఇది రాష్ట్ర చట్టం, కొత్త కోడ్‌లు దీన్ని రద్దు చేయలేదు. పైగా షాపు కూడా పరిశ్రమ నిర్వచనంలోకి వస్తుంది.

పది మంది దాటారు కనుక లైంగిక వేధింపుల నివారణకు అంతర్గత కమిటీ కూడా ఉండాలి. సీనియర్ ఉద్యోగిని అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సభ్యులు ఒకరు. లేకపోతే జరిమానా 50,000 వరకు. ఆ కమిటీ నివేదికే విచారణ నివేదికగా చెల్లుతుంది, మళ్లీ విచారణ అక్కర్లేదు. కమిటీయే లేకుండా ఎవరినైనా వేధింపుల ఆరోపణ మీద తీసేస్తే ఆ తొలగింపూ నిలవదు, ఫిర్యాదు చేసిన మహిళకూ న్యాయం జరగదు.

మాదాపూర్_హెచ్ఆర్

సాఫ్ట్‌వేర్ వాళ్ల గురించి ఒక్క ముక్క. "సాంకేతిక పని" అన్న మాట కార్మికుడి నిర్వచనంలోనే ఉంది కాబట్టి, కింద టీమ్ లేని డెవలపర్ జీతం లక్ష దాటినా కార్మికుడినని వాదించగలడు. ప్రొబేషన్‌లో ఉన్నవారిని పంపేటప్పుడు "ప్రొబేషన్ ధ్రువీకరించడం లేదు" అని రాసి ఆగండి. నిజాయితీ లేదని, డేటా దొంగిలించాడని రాస్తే అది శిక్ష అవుతుంది, విచారణ అడుగుతారు. ఒప్పందంలోని ప్రొబేషన్ నిబంధన ప్రకారం ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదని మచిలీపట్నం ఎల్‌ఐసీ డివిజన్ కేసులో, వేణుగోపాల్ తీర్పు, 1994లో ఉంది.

బాండ్ల (ఇంతకాలం పనిచేస్తామని రాసిచ్చే ఒప్పందాల) సంగతి: శిక్షణ ఖర్చుకు తగ్గ, మితమైన మొత్తం నిలుస్తుంది. విజయా బ్యాంక్ కేసులో 2025లో రెండు లక్షల బాండును సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు మాత్రం కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. రిలీవింగ్ లెటర్ ఆపి, పీఎఫ్ పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ వేయకుండా వేధిస్తే బాకీ వసూలు కాదు, ఫిర్యాదు మాత్రం తప్పదు.

ఆటోనగర్_ప్యాకింగ్

ఆపరేటర్‌కు ఇచ్చే లెటర్ రాశాను, చూడండి:

"తేదీ... న మీకు వాట్సాప్‌లో వచ్చిన సందేశం యాజమాన్యం అనుమతితో పంపింది కాదు. దాన్ని రద్దు చేస్తున్నాం. మీరు సోమవారం ఉదయం 8 గంటల షిఫ్టుకు హాజరు కావలెను. గైర్హాజరైన 23 రోజులకు మీ సంజాయిషీని ఏడు రోజుల్లో, వైద్య పత్రాలుంటే వాటితో సహా, ఇవ్వవలెను. ఇకపై ఇలా జరిగితే సర్వీసు నుంచి తొలగించబడతారు. గేటు వద్ద ఆపిన రోజులకు జీతం ఉండదు."

వాదిప్రతివాది

చివరి రెండు వాక్యాలు తీసేయండి. సంజాయిషీ రాకముందే తొలగింపు హెచ్చరిక పెట్టకూడదు. గేటు దగ్గర ఆపిన రోజులకు జీతం ఇస్తున్నట్టు రాయండి, ఎందుకంటే ఆ రోజుల్లో పని ఇవ్వనిది మీరు. "సర్వీసు కొనసాగింపుతో" అన్న మాట చేర్చండి, లేకపోతే గ్రాట్యుటీ లెక్కలో మళ్లీ గొడవ. సోమవారం అని కాకుండా తేదీ వేయండి.

అతను ఇప్పటికే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి ఉంటే ఈ లెటర్ నకలు అక్కడా ఇవ్వండి. రాజీ కోసం దరఖాస్తు చేసుకుని 45 రోజులు గడిస్తే అతను నేరుగా పారిశ్రామిక ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు, తొలగింపు తేదీ నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. కొత్త ట్రైబ్యునళ్లు ఏర్పడే దాకా ఇప్పుడున్న లేబర్ కోర్టులే వింటాయి. నోటీసు వస్తే వెళ్లకుండా ఉండొద్దు.

షాప్‌ఫ్లోర్

సోమవారం అతను వచ్చేసరికి మస్టర్‌లో పేరు తిరిగి రాసి ఉండాలి, గేటు సెక్యూరిటీకి రాతపూర్వకంగా చెప్పి ఉండాలి, పంచింగ్ మెషిన్‌లో అతని వేలిముద్ర తెరిచి ఉండాలి. లెటర్ ఒకటి చెప్పి గేటు ఇంకొకటి చెబితే మళ్లీ మొదటికే వస్తారు. లెటర్లు లేని పాతవాళ్లందరికీ ఈ నెలలోనే అపాయింట్‌మెంట్ లెటర్లు ఇచ్చేయండి, ఇప్పుడవి తప్పనిసరి. చేరిన అసలు తేదీనే వేయాలి, ఇవాళ్టి తేదీ కాదు. సస్పెన్షన్, జీవనభృతి, విచారణ నిబంధనలు అందులో రాయండి. సూపర్‌వైజర్లకు ఒక సర్క్యులర్ ఇవ్వండి: తొలగింపు, సస్పెన్షన్ మాటలు ఫోన్‌లో గానీ మెసేజ్‌లో గానీ ఎవరితోనూ అనకూడదు, ఆ అధికారం ఫలానా ఒక్కరిదే.

ఆటోనగర్_ప్యాకింగ్

సవరించాను. లెటర్ రెండు చిరునామాలకూ పంపుతున్నాం. ఈఎస్‌ఐ సర్టిఫికెట్ ఉందని ఇప్పుడే అతనే ఫోన్‌లో చెప్పాడు, డెంగ్యూ అట.

కార్మికపక్షం

అయితే ఆ సర్టిఫికెట్‌లో ఉన్న రోజులకు సంజాయిషీ అడగకండి. మిగిలిన రోజులు ఏమైనా ఉంటే వాటికే అడగండి. సోమవారం తేలిక పని ఇవ్వండి.